ఊరికొక అంబులెన్సు దళము

ఒక పట్టణము యొక్క గొప్పతనమును కొలుచుటకు లోకమున అనేక ప్రమాణములు వాడుకలో నున్నవి. కొందరు దాని వర్తకమును జూతురు. కొందరు గుడిగోపురములను, కళాశాలలను లెక్కింతురు. మరికొందరు ఆ యూరినుండి శాసనసభకు వెళ్లినవారి పేర్లను ఏకరువు పెట్టుదురు. మేము వేరొక ప్రమాణమును పాఠకుల ముందుంచ దలచితిమి. నడివీధిలో ఒక మనుష్యుడు పడిపోయినప్పుడు ఆ యూరు ఏమి చేయును? అతని ఊపిరి నిలిచిపోకముందే అతనిని ఆదుకొనుటకు నేర్చిన చేతులు అచ్చట ఎన్ని కలవు? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేని పట్టణము ఎంత సంపన్నమైనను, అది యింకను ఇండ్ల సముదాయము మాత్రమే గాని ఊరు కాలేదని మా యభిప్రాయము.

మన పట్టణముల స్థితి యెట్లున్నది? రాజమార్గముపై లారీ తాకి పడిపోయిన రైతు చుట్టును నిమిషములో నూర్గురు మూగుదురు. అయ్యో యనని వారుండరు. ఒకరు నోటిలో నీళ్లు పోయుదురు. ఒకరు బలవంతముగ కూర్చుండబెట్టుదురు. నలుగురు కాళ్లుచేతులు పట్టి, ఉన్నవానిని ఉన్నట్లు మడచి, దారిన బోవు ఆటోలో నెక్కింతురు. ఇందు దయ కొరవడినదని మేమనము. దయకు శిక్షణ కొరవడినది. శిక్షణకు కట్టుబాటు కొరవడినది. విరిగిన మెడను దయతో త్రిప్పినను ప్రాణము పోవును. స్పృహలేనివాని నోట కరుణతో పోసిన నీరును ఊపిరితిత్తులలోనికే పోవును.

ఈ లోపమును ఒక చిన్న పట్టణము తనంతట తాను తీర్చుకొనగలదా యన్నది నేటి ప్రశ్న. తీర్చుకొనగలదనుటకు చరిత్రలో నిదర్శనములున్నవి. వానిలో నొకదానిని సవిస్తరముగ చెప్పి, మనకు తగిన పాఠమును దానినుండి గ్రహింప యత్నింతుము.

ఒక రైలుపట్టణపు కథ

అమెరికా సంయుక్తరాష్ట్రములలోని వర్జీనియా నైరుతిభాగమున, కొండల నడుమ, రోనోకు అను పట్టణము కలదు. పూర్వము దాని పేరు బిగ్ లిక్. అడవిమృగములు ఉప్పు నాకుటకు వచ్చు చవిటినేల యగుటచే ఆ పేరు కలిగినది. 1880 నాటికి వేయిమందియైన లేని ఆ చోటికి రైలుమార్గములు వచ్చి కలిసినవి. 1882లో దానికి రోనోకు అని పేరు మార్చిరి. నార్ఫోకు అండ్ వెస్టర్ను రైల్వే కంపెనీ తన కార్యాలయములను, కర్మాగారములను అచ్చట నెలకొల్పగా పల్లె పట్టణమయ్యెను. అయినను 1930 జనాభా లెక్కలలో దాని ప్రజలు డెబ్బదివేలకు మించలేదు. పరిమాణమున మన తాలూకా పట్టణముల వంటిదే యని పాఠకులు భావింపవచ్చును.

1909లో ఆ యూరి నదిలో ఒక చిన్న పడవ తలక్రిందులై యిద్దరు మనుష్యులు మునిగిపోయిరి. గట్టున జనులుండిరి, చూచిరి, ఏమి చేయుటకును వారికి తెలియదయ్యెను. ఆ చూచినవారిలో జూలియన్ స్టాన్లీ వైజు అను తొమ్మిదేండ్ల బాలుడొకడు. కన్నులయెదుట మనుష్యులు మునుగుచుండగా పెద్దలందరు నిస్సహాయులై నిలిచిన ఆ దృశ్యము అతని మనస్సును విడువలేదు. ఇట్టి దృశ్యములను చూచినవారు ప్రతి దేశమునందును వేలకొలది యుందురు. వారము దినములు విచారించి మరచుట లోకస్వభావము. వైజు మరువలేదు.

పందొమ్మిదేండ్లు గడచినవి. 1928 మే నెలలో, రైల్వే కంపెనీలో ఉద్యోగిగ నున్న వైజు, తనతో పనిచేయు తొమ్మండుగురను గూర్చి, మొత్తము పదిమందితో రోనోకు ప్రాణరక్షక ప్రథమచికిత్సా దళమును స్థాపించెను. వీరిలో నెవ్వరును దీనివలన జీతము గోరలేదు. అమెరికాలో అగ్నిమాపకశాఖకు గాని ఆసుపత్రికి గాని లోబడక, స్వతంత్రముగ, కేవలము స్వచ్ఛంద సేవకులతో నడచిన రక్షకదళములలో మొదటిది ఇదియే యని చెప్పుదురు.

అప్పటి అమెరికా పరిస్థితిని గూర్చి ఒక విషయము తెలిసికొనిన గాని ఈ కార్యముయొక్క విలువ బోధపడదు. ఆ దేశమున అనేక పట్టణములలో రోగులను, గాయపడినవారిని ఆసుపత్రికి చేర్చువారు శవసంస్కార వర్తకులు. మనుష్యుని పరుండబెట్టుటకు చాలినంత పొడవైన బండి ఊరిలో వారియొద్దనే యుండుట దీనికి కారణము. ప్రాణముతో నున్నవాడును, ప్రాణము పోయినవాడును ఒకే బండిలో, ఒకే మనుష్యుల చేతులమీదుగ పోవలసినదే. దారిలో చికిత్స యన్న మాటయే లేదు. 1966లో ఆ దేశపు జాతీయ విజ్ఞాన పరిషత్తు ప్రమాదమరణములను గూర్చి ప్రకటించిన నివేదికలో సైతము, దేశములోని అంబులెన్సు పనిలో ఇంచుమించు సగము ఇట్టి వర్తకులచేతనే జరుగుచున్నదని వ్రాయబడినది. దానికి ముప్పదియెనిమిది సంవత్సరములకు పూర్వమే రోనోకులోని పదిమంది రైల్వే ఉద్యోగులు, బండి వచ్చువరకు వేచియుండక, పడియున్నవానికి పడిన చోటనే ఊపిరి నిలుపవలెనని నిశ్చయించుకొనిరి.

వారు నేర్చిన విద్య నేటి దృష్టికి చాల స్వల్పమైనది. నీట మునిగినవానిని బోరగిల పరుండబెట్టి, నడుము పైభాగమును రెండు చేతులతో నొక్కుచు, విడుచుచు, ఊపిరి తెప్పించు పద్ధతి ఆ కాలమున ప్రచారములో నుండెను. ఎడిన్‌బరోలో ఆచార్యుడైన షేఫరు 1903లో ప్రకటించిన పద్ధతి యది. ఎముక విరిగినచోట బద్ద కట్టుట, నెత్తురు నిలుపుట, అంతియే. కాని ఆ స్వల్పవిద్యనే పదేపదే అభ్యసించి, పిలిచిన తత్క్షణమే బయలుదేరుటకు సిద్ధపడియుండుట క్రొత్త విషయము. తరువాతి కాలమున పోలియో వ్యాధి ప్రబలినప్పుడు శ్వాస నిలిచినవారికి ఇనుప ఊపిరితిత్తి యనబడు యంత్రమును అందించు పనియు ఆ దళమువారు చేపట్టిరి. పొరుగూళ్లవారు వచ్చి చూచిరి, నేర్చిరి, తమ యూళ్లలో అట్టివే స్థాపించిరి. వైజు ఊరూర దిరిగి దళములు పెట్టించెను. వర్జీనియా రాష్ట్రము స్వచ్ఛంద రక్షకదళములకు పెట్టినది పేరయ్యెను.

వాహనము కాదు, మనుష్యులు

ఈ కథలో మనము ముఖ్యముగ గమనింపవలసిన దేమి? వైజు మొదట సంపాదించినది బండి కాదు; తొమ్మండుగురు మనుష్యులు. ఈ క్రమము మనకు అత్యంత ఆవశ్యకమైన పాఠము.

మన ప్రాంతములలో దాతలకు కొరతలేదు. తండ్రిగారి జ్ఞాపకార్థమో, షష్టిపూర్తి సందర్భముననో ఒక అంబులెన్సు వాహనమును కొని యూరికి సమర్పించు పుణ్యపురుషులు కనబడుచునేయున్నారు. సభ జరుగును, రిబ్బను కత్తిరింపబడును, బండి ప్రక్కను దాతగారి పేరు, వంశవృక్షము పెద్ద అక్షరములతో వ్రాయబడును. మరుసటి సంవత్సరమునకు డ్రైవరు జీతమెవ్వరియ్యవలెనో తెలియదు. ఆ పిమ్మట చక్రములలో గాలి యుండదు. బండి సత్రము వెనుక వేపచెట్టు క్రింద నిలిచి కోళ్లకు నీడనిచ్చును. దాత యుద్దేశమును మేము శంకింపము. ఇంజను కొన్నంతమాత్రమున సంస్థ కొన్నట్లు కాదని మాత్రము మనవి చేయుచున్నాము.

అంబులెన్సు అనగా నేమి? నాలుగు చక్రములపై పరచిన మంచము కాదు. ఏ రాత్రి ఏ ఇద్దరు మేలుకొనియుండవలెనో ముందుగ నిర్ణయించిన పట్టికయే అంబులెన్సు. ప్రతిమాసము అభ్యాసమునకు తప్పక వచ్చువారి కట్టుబాటే అంబులెన్సు. వాడిన గుడ్డను మరునాడే మార్చి, ప్రాణవాయువు సీసాను నింపి, లెక్కవ్రాసి యుంచు శ్రద్ధయే అంబులెన్సు. ఇవి యున్నచోట బండి లేకపోయినను సగము పని జరుగును. ఇవి లేనిచోట పది బండ్లున్నను అవి బాడుగ వాహనములే.

మరియొక సంగతి. ఆ పదిమందియు ఒకే కంపెనీలో పనిచేయువారు. ఒకరి మాట నొకరు నమ్మువారు. యంత్రములయొద్ద, సమయపాలనమున అలవాటు పడినవారు. మనకును అట్టి నెలవులు లేకపోలేదు. బియ్యపు మిల్లులు, పత్తి జిన్నింగు మిల్లులు, పాల సహకార సంఘములు, బస్సు డిపోలు, ఉన్నత పాఠశాలల ఉపాధ్యాయబృందములు, వీధివీధిని గల మహిళా పొదుపు సంఘములు, ఇవన్నియు సిద్ధముగనున్న కూటములు. క్రొత్తగా సంఘమును పుట్టించుటకంటె ఉన్న సంఘమునకు క్రొత్తపని నిచ్చుట సులభము.

మనకిది క్రొత్త కాదు

ఇది పాశ్చాత్యుల విద్య. మనవారికి పట్టుబడదని నిరుత్సాహపరచు వారుందురు. అట్టివారికి మేము రెండు విషయములను జ్ఞప్తికి దెచ్చెదము.

1899లో దక్షిణాఫ్రికాలో బోయరు యుద్ధము పుట్టినప్పుడు నేటాలులోని భారతీయులను గూర్చి గాంధీమహాత్ముడు ఒక అంబులెన్సు దళమును నిర్మించెను. ఆయన సానుభూతి బోయరుల వైపుననే యుండెను. అయినను బ్రిటిషు ప్రజగ హక్కులు కోరువాడు ఆ విధులనుగూడ నెరవేర్పవలెనని ఆనాడాయన తలచెను. ఆ రాజకీయాభిప్రాయము పిమ్మట మారినది. కాని ఆ సేవ తగ్గినది కాదు. దాదాపు పదునొకండు వందలమంది చేరిరి. వారిలో సుమారు ఎనిమిదివందలమంది ఒప్పందపు కూలీలు. దళమువారికి బూత్ అను వైద్యుడు శిక్షణ నిచ్చెను. కొలెన్సో యుద్ధమునను, 1900 జనవరిలో జరిగిన స్పియన్‌కాప్ యుద్ధమునను క్షతగాత్రులను డోలీలపై నెత్తుకొని, కొన్ని దినములలో ఇరువది, ఇరువదియైదు మైళ్లు నడచిరి. చెన్నపట్టణమునుండి ఓడలెక్కి నేటాలు చెరకుతోటలకు పోయిన కూలీలలో మన తెలుగువారు వేలకొలది యుండిరన్న సంగతి పాఠకులు మరువరాదు. చదువులేని కూలీ అన్యదేశమున, గుండ్ల వర్షమున నేర్వగలిగిన విద్యను, అన్ని వసతులు గల మన పట్టణవాసులు స్వగ్రామమున నేర్వలేరా?

రెండవది మన చీరాల. పురపాలక సంఘము వలదని, పన్నుల భారము మోయలేమని, 1921లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లువిడిచి, ఊరిబయట రామనగరమను పేర పాకలు వేసికొని, ఎండను వానను సహించి, ఇంచుమించు పదునొకండు నెలలు నివసించిరి. గోపాలకృష్ణయ్యగారు నిర్మించిన రామదండు అను వాలంటీరు దళము ఆ దినములలో తెలుగుదేశమంతట కీర్తి గడించెను. అదే సంవత్సరమున బెజవాడలో జరిగిన అఖిలభారత కాంగ్రెసు సంఘ సమావేశమున జనసమ్మర్దమును క్రమపరచినదియు ఆ దండే. ఒక చిన్న తెలుగు పట్టణము, జీతములేని సేవకులతో, మాటకు కట్టుబడి నిలువగలదని దీనికంటె ప్రబలమైన నిదర్శనము కావలెనా? ఆనాడు ప్రభుత్వముతో పోరాటమునకు పనికివచ్చిన క్రమశిక్షణ, నేడు మృత్యువుతో పోరాటమునకు పనికిరాకపోదు.

డోలీ యనునది మనకు పరాయి వస్తువును కాదు. బండి పోలేని మన్యపు కొండలలో నేటికిని గిరిజనులు గర్భిణులను, జ్వరపీడితులను కఱ్ఱకు కట్టిన డోలీలో మోసికొని రోడ్డువరకు వచ్చుచున్నారు. ఆ మోయువారికి జీతము లేదు; బిరుదము లేదు. మన దేశములోని అసలైన స్వచ్ఛంద అంబులెన్సు దళము వారిదే. రోడ్లు గల పట్టణవాసులమగు మనము ఆ కొండవారినుండి నేర్చుకొనవలసినది చాల కలదు.

నాలుగు నిమిషముల గడువు

ఇంతకును తొందర యేమి? 108 సంఖ్యకు పిలిచిన బండి రాదా యని యడుగవచ్చును. వచ్చును. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన ఆ సేవ తెలుగువారు గర్వింపదగిన కార్యము. పిమ్మట ఇతర రాష్ట్రములును దానిని అనుసరించినవి. దానివలన బ్రతికి బట్టకట్టినవారు లక్షలకొలది. దానిని తక్కువచేసి మాటలాడుట కృతఘ్నత. కాని బండి ఎంత వేగముగ వచ్చినను దూరమును మ్రింగివేయజాలదు గదా! గుండె నిలిచినవానికి నాలుగైదు నిమిషములు దాటినచో మెదడు చెడుట ఆరంభమగును. తొడలోని పెద్ద నాళము తెగినవాడు కొలది నిమిషములలోనే నెత్తురంతయు పోయి మరణింపవచ్చును. ఈ నిమిషములు ప్రభుత్వమువి కావు, ప్రక్కనున్నవానివి. ఎంత సమర్థమైన ప్రభుత్వమైనను ప్రతి వీధిమూలను వైద్యుని నిలుపలేదు. ఊరివాడు మాత్రము ప్రతి వీధిమూలను ఎట్లైనను ఉండును.

విపత్తు పరిమాణమును పాఠకులు ఒకపరి చూతురు గాక. కేంద్రప్రభుత్వపు లెక్కల ప్రకారము 2022లో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగి 1,68,491 మంది మరణించిరి. ఇది ఒక్క సంవత్సరపు లెక్క. మన పట్టణములలో కొన్నిటి జనాభాకంటె ఎక్కువ. పాముకాటు వలన 2000 మొదలు 2019 వరకు ఏటేట సగటున 58,000 మంది మరణించియుందురని పరిశోధకులు అంచనా వేసిరి; ఈ మరణములు అధికముగ గల రాష్ట్రములలో ఆంధ్రదేశము ఒకటి. ఇవిగాక కాలువలలో మునుగువారు, పొలమున మోటారువద్ద విద్యుత్తు తగిలి పడువారు, పురుగుమందు త్రాగువారు, ట్రాక్టరు తిరుగబడి నలుగువారు. వీరిలో అత్యధికులు పట్టణపు ఆసుపత్రికి దూరముగ, రైతుల పొలములలో పనిచేయువారే. మన పంట పండించు చేతులవి. కూలి యిచ్చినంతమాత్రమున ఆ ప్రాణముయెడ మన బాధ్యత తీరలేదు.

పడినవానిని తాకినచో పోలీసుస్టేషను చుట్టును, న్యాయస్థానముల చుట్టును తిరుగవలసివచ్చునను భయము మన ప్రజలలో తరతరములుగ పాతుకొనియున్నది. ఆ భయము ఒకనాడు నిరాధారము కాదు. నేడు మాత్రము చట్టము సహాయకుని పక్షమున నిలిచియున్నది. గాయపడినవానికి మొదట చికిత్స చేయవలెను. కాగితములు తరువాత అని 1989లోనే సుప్రీముకోర్టు తీర్పుచెప్పినది. ఆదుకొనిన పరోపకారిని పేరు చెప్పుమని గాని, సాక్షివి కమ్మని గాని, ఖర్చు భరింపుమని గాని నిర్బంధింపరాదను మార్గదర్శక సూత్రములకు 2016లో అదే న్యాయస్థానము శాసనబలము నిచ్చినది. 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేసిన సవరణలో ఈ రక్షణ ప్రత్యేకమైన సెక్షనుగ చేర్పబడినది. సద్బుద్ధితో చేసిన సహాయమునకు నేరము లేదని ఊరూర చాటింపు వేయించుట అంబులెన్సు దళముయొక్క మొదటి పనిగ నుండదగును.

ఆరంభమెట్లు?

పదిమంది పెద్దలు పూనుకొన్నచో ఆరుమాసములలో ఒక పట్టణము ఈ పని నిలుపుకొనగలదని మేము నమ్ముచున్నాము. క్రమమును సంగ్రహముగ చెప్పెదము.

మొదట వైద్యుడు. ప్రభుత్వ వైద్యుడైనను, ఊరిలో పేరుగన్న మరియొక వైద్యుడైనను శిక్షణకును పర్యవేక్షణకును ఒప్పుకొనవలెను. వైద్యుని అదుపులేని దళము నాటువైద్యమునకు దారితీయును. సేవకుడు మందులివ్వరాదు, సూదులు వేయరాదు. తనకు నేర్పినది చేయుటయు, నేర్పనిది చేయకుండుటయు అతని ధర్మము.

రెండవది మనుష్యులు. ముప్పదిమందితో నారంభించినచో పదియేనుగురు నిలుతురు, అది చాలును. కులమును, పార్టీని చూడరాదు. స్త్రీలను తప్పక చేర్చవలెను. ప్రసవవేదనలో నున్న ఇల్లాలికిని, కాలినగాయములతో నున్న కోడలికిని ప్రక్కను ఒక స్త్రీ యుండుట ఎంతటి ధైర్యమో చెప్పనక్కరలేదు.

మూడవది విద్య. నేర్వవలసినది కొండంత కాదు. నెత్తురు కారుచోట శుభ్రమైన గుడ్డతో గట్టిగ అదిమి పట్టుట; మెడ కదలకుండ నలుగురు ఒక్కసారిగ లేవనెత్తుట; విద్యుత్తు తగిలినవానిని ముట్టుటకు ముందు మీట ఆపుట; ఊపిరి, నాడి లేనివాని రొమ్ము నడుమ, నిమిషమునకు నూరు మొదలు నూటయిరువది మారులు, రెండంగుళముల లోతున నొక్కుట. పాము కరచినప్పుడు కోయరాదు, పీల్చరాదు, త్రాడు బిగించి కట్టరాదు. కరచిన అవయవమును కదలనీయక, విషపు విరుగుడు మందుగల ఆసుపత్రికి వేగముగ చేర్పవలెను. శాస్త్రము మారుచుండును. వైజు నేర్చిన షేఫరు పద్ధతి నేడు లేదు. రొమ్ము నొక్కు పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు ప్రకటించిరి. కావున ఒకసారి నేర్చి పతకము ధరించుట చాలదు; ఏటేట తిరిగి పరీక్షింపబడవలెను.

నాలుగవది 108తో సంబంధము. ఎక్కడ ఏమి జరిగినను మొదట ఆ సంఖ్యకు పిలుపు పోవలెను. అదే నిమిషమున దగ్గరనున్న సేవకుడు సైకిలుపైననో, మోటారు సైకిలుపైననో, సంచితో బయలుదేరవలెను. ఊరి దళము ప్రభుత్వసేవకు పోటీ కాదు, దాని ముందడుగు. బండి సంపాదన చివరిమాట. కొన్నచో చట్టము విధించిన నియమములకు లోబడిన బండినే కొనవలెను. పాతవ్యానుకు ఎఱ్ఱదీపము బిగించి అంబులెన్సని పిలువరాదు.

అయిదవది ధనము. కొనుటకంటె నడుపుటయే కష్టము. జీతము, చమురు, భీమా, మరమ్మతు, ప్రాణవాయువు, ఇవి నెలనెల వచ్చు ఖర్చులు. పూర్వము కళ్లమువద్ద ధాన్యము కొలుచునప్పుడు వడ్రంగికి, కమ్మరికి, మంగలికి, చాకలికి మేర యిచ్చు నాచారము మన పల్లెలలో నుండెను. ఏడాది పొడుగున చేసిన సేవకు పంటలో భాగమది. అదే రీతిని భూస్వాములు ఎకరమునకు ఇంతయని, మిల్లుదారులు బస్తాకు ఇంతయని, వర్తకులు నెలకు ఇంతయని మేర నిర్ణయించినచో ఏ దాతయొక్క దయకును కాచుకొనవలసిన పనిలేదు. ఒకరి పెద్ద విరాళముకంటె వేయిమంది చిన్న మేరలు బలమైనవి. ఎందుకనగా దానము ఒకనాటితో ముగియును. మేర ఏటేట వచ్చును. సంఘమును చట్టప్రకారము రిజిష్టరు చేయించి, జమాఖర్చులను ప్రతి సంవత్సరము ఊరిముందు చదివి వినిపింపవలెను. బండిపై నెవ్వరి పేరును వ్రాయరాదు. ఊరి పేరు చాలును.

కొన్ని యాక్షేపణలు

ఇది ప్రభుత్వము చేయవలసిన పని గదా, పన్నులెందులకు కట్టుచున్నాము అని యాక్షేపింపవచ్చును. ఆసుపత్రులు, వైద్యులు, మంచి రోడ్లు ప్రభుత్వముయొక్క విధులే. వానికై నిర్మొగమాటముగ అడుగవలసినదే. కాని ఇల్లు కాలుచుండగా అర్జీ వ్రాయుచు కూర్చుండు వాడుండడు. తన చేయదగిన భాగమును తాను చేసినవాని అర్జీకే బలముండును. వచ్చిన పిలుపులు, పట్టిన నిమిషములు, ఆసుపత్రిలో దొరకని మందులు, అన్నిటిని పుస్తకమున వ్రాసియుంచు దళము ఊరికి ఆయుధమును చేతికిచ్చినట్లే. ఆ లెక్కయెదుట ఏ యధికారియు తప్పించుకొనలేడు.

ఉత్సాహము చల్లారునను రెండవ యాక్షేపణ మరింత బలమైనది. దీనిని మేము త్రోసివేయము. అమెరికాలోనే నేడు అనేక పల్లెలలో స్వచ్ఛంద దళములకు మనుష్యులు దొరకుట కష్టమగుచున్నది. యువకులు దూరపు పట్టణములలో ఉద్యోగములకు పోవుచున్నారు, శిక్షణ దీర్ఘమైనది, చాలచోట్ల జీతగాండ్రను పెట్టుకొనవలసివచ్చినది. మన యూళ్లనుండి యువకుల వలస ఇంతకంటె తక్కువ కాదు. కావున ఏటేట ఉన్నత పాఠశాల, కళాశాల విద్యార్థులను క్రొత్తగా చేర్చుకొనుచుండుటయు, డ్రైవరునకు మొదటినుండియు న్యాయమైన జీతమిచ్చుటయు, సేవకులపై మోయరాని భారము పెట్టకుండుటయు అవసరము. వారమునకు ఒక రాత్రి యడిగినచో పదేండ్లు చేయువాడు, ప్రతి రాత్రి యడిగినచో పదిదినములే చేయును. మరియు విద్యనేర్చిన యువకుడు వేరొక యూరికి పోయినను నష్టమేమి? అచ్చటను మనుష్యులే పడిపోవుదురు.

చదువుకొన్నవారు, ఆస్తిగలవారు నగరములలోని పెద్ద ఆసుపత్రులను నమ్ముకొనియున్నారు. తమకేదైన జరిగినచో కారులో పోదుమని వారి ధైర్యము. కాని గుండెపోటు వచ్చినవాని ఆస్తిని చూచి మృత్యువు నాలుగు నిమిషములను నలుబదిగ పెంచదు. ఆ సమయమున భూస్వామియైనను, అతని పాలేరైనను, ప్రక్కింటివాని చేతులమీదనే ఆధారపడవలెను. ఆ చేతులకు విద్య నేర్పించుట పరోపకారమని కొందరు తలచవచ్చును. నిజమునకు అది స్వీయరక్షణ.

రోనోకులో పదిమందియే యుండిరి. వారు కోటీశ్వరులు కారు, వైద్యులు కారు, ప్రభుత్వాధికారులు కారు. మన ప్రతి పట్టణమునందును అట్టి పదిమంది యుండకపోరు. ఈ వ్యాసమును చదివిన పెద్దలు తమ యూరి వైద్యుని ఇంటికి వెళ్లి, మాకు నేర్పుదురా యని యడిగినచో, పని సగము మొదలైనట్లే. బండిని గూర్చిన మాట ఆ దినమున ఎత్తకుందురు గాక. మొదట మనుష్యులను లెక్కింతురు గాక.